మాగ్నెట్ స్కూల్ గ్రేడులో ఎవరి మార్కులున్నాయి?

అమెరికాలో ఇల్లు వెతుక్కునే తెలుగు కుటుంబాలు వంటగది కన్నా ముందు స్కూల్ రేటింగు చూస్తాయి. ఇళ్ల అమ్మకాల సైట్లలో ధర కిందే, దగ్గర్లోని ఎలిమెంటరీ స్కూలుకు పదికి ఎన్ని వచ్చాయో ఉంటుంది. తొమ్మిదో పదో ఉంటే మనసు కుదుటపడుతుంది. ఐదో ఆరో ఉంటే ఆ ఇల్లు లిస్టులోంచి పోతుంది. ఒక్క అంకెను నమ్ముకోవడం ఏ స్కూలు విషయంలోనూ మంచిది కాదు గానీ, మాగ్నెట్ స్కూలు విషయంలో మరీ ప్రమాదం. మామూలు స్కూల్లో ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలో ఆ పేటలోని ఇళ్ల ధరలే తేల్చేస్తాయి. మాగ్నెట్ స్కూల్లో మాత్రం వేరువేరు చోట్ల బతికే పిల్లల్ని ప్రభుత్వం కావాలని ఒక చోట చేరుస్తుంది. ఆ సంగతి మరిచిపోయి సగటు మార్కులు చూస్తే అక్కడ ఎవరు చేరారో తెలుస్తుంది తప్ప, చేరినవాళ్లకు స్కూలు ఏం చేస్తోందో తెలియదు.

మాగ్నెట్ స్కూల్ ప్రభుత్వ బడే, ఫీజు ఉండదు. సైన్సు, సంగీతం, మాంటిస్సోరి, స్పానిష్‌లో బోధన లాంటి ఏదో ఒక ప్రత్యేకత పెట్టి, దూరపు పేటల పిల్లల్ని కూడా రప్పించుకుంటుంది. సీట్లకన్నా దరఖాస్తులు ఎక్కువైతే చాలాచోట్ల లాటరీ తీస్తారు. మన నవోదయ విద్యాలయం ఆరో తరగతికి ప్రవేశ పరీక్ష పెట్టి పిల్లల్ని ఎంచుకుంటుంది. మాగ్నెట్ ఎలిమెంటరీ స్కూళ్లలో ఎక్కువ శాతం అలా వడపోయవు. కిండర్‌గార్టెన్‌లో చేరే ఐదేళ్ల పిల్లలకు పరీక్ష ఏం పెడతారు?

ఇవి పుట్టింది చదువు నాణ్యత పెంచడానికి అనుకుంటారు చాలామంది. అసలు కారణం జాతి వివక్ష. నల్లజాతి పిల్లలకు వేరే బడులు పెట్టడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 1954లో బ్రౌన్ కేసులో చెప్పింది. తీర్పు వచ్చాక కూడా దాదాపు పదేళ్ల పాటు దక్షిణాది రాష్ట్రాల్లో పెద్దగా కదలిక లేదు. 1971లో షార్లట్-మెక్లెన్‌బర్గ్ స్కూలు జిల్లా (ఒక ప్రాంతంలోని ప్రభుత్వ బడులన్నిటినీ నడిపే స్థానిక సంస్థ) కేసులో, అవసరమైతే పిల్లల్ని బస్సుల్లో వేరే పేట బడులకు పంపమని కోర్టులు ఆదేశించవచ్చని సుప్రీంకోర్టు తేల్చింది. తెల్లవారిలో చాలామంది దీన్ని గట్టిగా ఎదిరించారు, శివార్లకు తరలిపోయారు. 1974లో డెట్రాయిట్ కేసులో అదే కోర్టు 5-4 మెజారిటీతో, నగరంలో వివక్ష జరిగితే దాన్ని సరిచేసే భారం శివారు జిల్లాల మీద వేయడానికి వీల్లేదంది. అంటే జిల్లా సరిహద్దు దాటి ఇల్లు కొనుక్కోగలిగిన కుటుంబం మీద కోర్టు ఆదేశం పనిచేయదు. బలవంతంగా పంపడానికి దారి మూసుకుపోయినప్పుడు, వాళ్లంతట వాళ్లే వచ్చేలా చేయడమే మిగిలింది. ఆ ఆలోచన అప్పటికే మొదలైంది. 1968లో వాషింగ్టన్ రాష్ట్రంలోని టకోమా నగరంలో మెకార్వర్ ఎలిమెంటరీ, మరుసటి ఏడాది బోస్టన్‌లోని రాక్స్‌బరీలో ట్రాటర్ స్కూల్ ఈ పద్ధతిలో మొదలయ్యాయి. రెండూ నల్లజాతి పేటల్లో ఉన్న ఎలిమెంటరీ స్కూళ్లే.

నేను ఉదాహరణగా నార్త్ కరోలినాలోని వేక్ కౌంటీని తీసుకుంటాను. రాజధాని రాలీ ఉన్న కౌంటీ ఇది. క్యారీ, మోరిస్‌విల్, ఏపెక్స్ ఊళ్లలో మనవాళ్లు పెద్దసంఖ్యలో ఉన్నారు. 1976లో ఇక్కడ నగర స్కూళ్లనూ శివారు స్కూళ్లనూ కలిపి ఒకే జిల్లా చేశారు. డెట్రాయిట్‌లో కోర్టు గీసిన గీత ఇక్కడ అడ్డం రాలేదు. 1980ల మొదట్లో రాలీ నగరంలో, ముఖ్యంగా నల్లజాతి పేటల్లో, మాగ్నెట్ స్కూళ్లు తెరిచారు. ఇప్పుడు మాగ్నెట్ ఎలిమెంటరీగా ఉన్న వాషింగ్టన్ స్కూల్ 1920లలో తెరిచినప్పుడు రాలీలో నల్లజాతి పిల్లలకున్న ఏకైక పబ్లిక్ హైస్కూలు. దాని తర్వాత 1953లో వాళ్ల కోసమే కట్టిన లైగన్ హైస్కూలు ఇప్పుడు మాగ్నెట్ మిడిల్ స్కూల్. వేరుచేయడానికి కట్టిన భవనాల్లోనే కలపడానికి ప్రయత్నం జరుగుతోంది. ఇది చిన్న విషయం అనిపించదు నాకు.

2000లో వేక్ కౌంటీ జాతి లెక్కను వదిలేసి ఆదాయం లెక్క పట్టుకుంది. ఏ స్కూల్లోనూ ఉచిత, రాయితీ భోజనం పొందే పిల్లలు 40 శాతానికి మించకూడదని లక్ష్యం పెట్టుకుంది. 2009 ఎన్నికల్లో బోర్డు మారి, మరుసటి ఏడాది ఆ విధానాన్ని రద్దు చేసింది. మాగ్నెట్లు మాత్రం నిలబడ్డాయి. ఈలోగా 2007లో సియాటిల్, లూయీవిల్ జిల్లాల కేసుల్లో సుప్రీంకోర్టు, ఒక్కో పిల్లవాడి జాతిని చూసి సీటు ఇవ్వడం కుదరదని చెప్పేసింది. అందుకే ఇవాళ మాగ్నెట్ లాటరీల్లో కుటుంబం ఉండే పేట ఎలాంటిది, అన్నో అక్కో అక్కడ చదువుతున్నారా లాంటివి చూస్తారు.

ఇప్పుడు మార్కుల సంగతికి వద్దాం. ఇలాంటి స్కూల్లో రెండు రకాల పిల్లలు ఉంటారు. స్కూలు చుట్టుపక్కల ఉండి, దరఖాస్తు అక్కర్లేకుండా సీటు వచ్చే ‘బేస్’ పిల్లలు మొదటి రకం. దరఖాస్తు పెట్టి, లాటరీలో గెలిచి, దూరం నుంచి వచ్చేవాళ్లు రెండో రకం. రెండో రకం కుటుంబాల్లో ఎవరో ఒకరు గడువు తెలుసుకున్నారు, ఆన్‌లైన్‌లో ఫారం నింపారు, స్కూలు చూడ్డానికి సెలవు పెట్టి వెళ్లారు. దూరపు పిల్లలకు బస్సు ఇంటి ముందుకు రాని చోట పొద్దున్నే ఎక్స్‌ప్రెస్ స్టాపు దాకా కారులో దింపాలి. ఇవన్నీ చేయగలిగిన కుటుంబం, ఏ బడిలో వేసినా పిల్లల చదువు మీద ఓ కన్ను వేసి ఉంచే కుటుంబమే. వాళ్ల పిల్లలకు మంచి మార్కులు వస్తే అందులో స్కూలు వాటా ఎంత, ఇంటి వాటా ఎంత?

తల్లిదండ్రులకు నచ్చకపోయినా ఈ ప్రశ్నకు పాత జవాబు ఒకటుంది. 1966లో కోల్‌మన్ నివేదిక ఆరు లక్షలకు పైగా విద్యార్థుల లెక్కలు చూసి, మార్కుల తేడాలకు స్కూలు వనరులకన్నా కుటుంబ నేపథ్యంతోనే ఎక్కువ సంబంధం ఉందని చెప్పింది. తర్వాత దాన్ని చాలామంది చాలా రకాలుగా సవరించారు. మూల విషయం మాత్రం చెక్కుచెదరలేదు. సగటు మార్కు ముందుగా చెప్పేది పిల్లలు ఏ ఇంటినుంచి వచ్చారనే. మనకు ఇది కొత్తేమీ కాదు. టాపర్లందర్నీ ముందే ఏరి ఒక సెక్షన్లో పెట్టి, ఆ ర్యాంకులతో ఊరంతా హోర్డింగులు కట్టే కాలేజీలు చూస్తూ పెరిగినవాళ్లమే.

సగటు ఎంత మోసం చేయగలదో ఒక లెక్క వేసి చూపిస్తాను. అంకెలు నేను కల్పించినవి, లెక్క మాత్రం నిజమైనది. ఒక మాగ్నెట్ స్కూల్లో 200 మంది పరీక్ష రాశారు. అందులో 100 మంది స్థితిమంతుల పిల్లలు, 100 మంది పేద పిల్లలు. మొదటివాళ్లలో 88 మంది, రెండోవాళ్లలో 52 మంది పాసయ్యారు. మొత్తం 140, అంటే 70 శాతం. శివారులోని మామూలు స్కూల్లో కూడా 200 మంది రాశారు. అక్కడ 160 మంది స్థితిమంతుల పిల్లలు, 40 మంది పేద పిల్లలు. మొదటివాళ్లలో 136 మంది, అంటే 85 శాతం పాసయ్యారు. రెండోవాళ్లలో 16 మంది, అంటే 40 శాతం. మొత్తం 152, అంటే 76 శాతం. రేటింగులో శివారు స్కూలే పైన ఉంటుంది. కానీ స్థితిమంతుల పిల్లలు మాగ్నెట్‌లోనే మెరుగు, పేద పిల్లలైతే అక్కడ చాలా మెరుగు. రెండు వర్గాలకూ మెరుగైన స్కూలు గంపగుత్త లెక్కలో వెనకబడింది. పేద పిల్లల్ని ఎక్కువమందిని చేర్చుకోవడమే దానికి కారణం.

వెనకబడిన స్కూలు అన్న ముద్ర పడితే దరఖాస్తులు తగ్గుతాయి. దరఖాస్తులు తగ్గితే కలపాలనుకున్న కలయికే చెదిరిపోతుంది. అందుకే ఈ లెక్క నాకు కేవలం గణితంగా కనిపించదు.

మరి స్కూలు చేసే మేలును ఎలా కొలవాలి? పిల్లవాడు ఎక్కడున్నాడో వదిలేసి, ఏడాదిలో ఎంత ముందుకొచ్చాడో చూడటం ఒక దారి. దీన్నే గ్రోత్ అంటారు. స్టాన్‌ఫర్డ్‌లో షాన్ రియర్డన్ బృందం దేశవ్యాప్తంగా స్కూలు జిల్లాల పరీక్షల లెక్కలు పోల్చినప్పుడు ఆశ్చర్యం కలిగించే విషయం బయటపడింది. మూడో తరగతి మార్కులు ఆ జిల్లా సంపదను దాదాపు అద్దంలా చూపిస్తాయి. అక్కణ్ణుంచి ఎనిమిదో తరగతి దాకా పిల్లలు ఎంత ఎదిగారన్నదానికి మాత్రం సంపదతో పెద్ద సంబంధం లేదు. షికాగో పిల్లల మార్కులు దేశ సగటుకన్నా తక్కువే. కానీ మూడు నుంచి ఎనిమిదో తరగతికి వెళ్లే అయిదేళ్లలో వాళ్లు దాదాపు ఆరేళ్ల చదువంత ముందుకెళ్లారు. మార్కులు మాత్రమే చూసేవాళ్లకు ఇది ఎప్పటికీ కనిపించదు.

నార్త్ కరోలినాలో గ్రోత్ కొలవడానికి ఈవాస్ అనే గణాంక పద్ధతి వాడతారు. దాన్ని నడిపే సాస్ కంపెనీ ప్రధాన కార్యాలయం క్యారీలోనే ఉంది, మనవాళ్లూ అక్కడ పనిచేస్తున్నారు. పిల్లవాడి పాత మార్కులను బట్టి ఈసారి ఎంత రావచ్చో అంచనా వేసి, నిజంగా వచ్చినదానితో పోలుస్తుంది. దీని మీద విమర్శలున్నాయి. లెక్క లోపల ఏం జరుగుతోందో టీచర్లకు తెలియదన్నది అందులో పెద్దది, హ్యూస్టన్‌లో టీచర్లు కోర్టుకు కూడా వెళ్లారు. ఒక్కో టీచరును తూచడానికి ఇది వాడటం నాకూ సబబనిపించదు. మొత్తం స్కూలు ఎటు పోతోందో చూడటానికి మాత్రం ఉత్త పాస్ శాతం కన్నా చాలా నయం.

అయితే రాష్ట్రం ఇచ్చే గ్రేడులో దీని వాటా ఎంతో తెలుసా? ఈ గ్రేడులు మొదలైనప్పటి నుంచి మార్కులకు 80 శాతం, గ్రోత్‌కు 20 శాతం. గ్రేడులు ఏ నుంచి ఎఫ్ దాకా ఉంటాయి, 85 లేదా ఆపైన వస్తే ఏ, 55 నుంచి 70 లోపు ఉంటే సి. ఈ సూత్రంలో మార్కుల స్కోరు 52, గ్రోత్ స్కోరు 95 ఉన్న స్కూలును పెట్టి చూడండి, 60.6 వస్తుంది. గ్రేడు సి. మార్కులు 90, గ్రోత్ 65 ఉన్న స్కూలుకు సరిగ్గా 85 వస్తుంది. గ్రేడు ఏ. పిల్లల్ని చేయిపట్టి నడిపించిన స్కూలు కింద, నడిచి వచ్చేసిన పిల్లలున్న స్కూలు పైన. ఇళ్ల సైట్లలో కనిపించే గ్రేట్‌స్కూల్స్ సంస్థ, ఇలాంటి విమర్శలు వచ్చాకే 2020లో తన రేటింగులో గ్రోత్‌కు బరువు పెంచింది. రాష్ట్రం గ్రేడు, ఆ సైటు రేటింగు ఒకదానితో ఒకటి పొంతన లేకుండా కనిపిస్తే కంగారు పడక్కర్లేదు, రెండూ వేరే లెక్కలు.

ఎలిమెంటరీ స్కూల్లో ఇంకో చిక్కుంది. రాష్ట్ర పరీక్షలు మూడో తరగతిలో మొదలవుతాయి. కిండర్‌గార్టెన్, ఒకటి, రెండు తరగతుల్లో జరిగేదంతా, అంటే పిల్లలు చదవడం నేర్చుకునే అసలు కాలమంతా, ఈ గ్రోత్ లెక్కకు కనపడదు. అక్షరాలు రాకుండా వచ్చిన పిల్లవాణ్ణి మూడో తరగతికి గడగడా చదివేలా చేసిన టీచరు కష్టం మూడో తరగతి మార్కులో కలిసిపోయి, ‘ఆ పేట పిల్లలు అంతే’ అన్న మాట కింద పోతుంది.

ఇక మార్కుల పట్టికలో పిల్లల్ని వర్గాలుగా పంచే గడులు. 2002లో అమల్లోకి వచ్చిన నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్ చట్టం మార్కుల్ని జాతి, ఆదాయం, వైకల్యం, ఇంగ్లీషు స్థాయి వారీగా విడగొట్టి చూపాలని పట్టుబట్టింది. దాని స్థానంలో వచ్చిన 2015 చట్టం ఈ నియమాన్ని కొనసాగించింది. సగటు దాచేసేదాన్ని బయటపెట్టిన మంచి నియమం ఇది. కానీ ఆ గడుల్లో కూడా మెలికలున్నాయి.

పేదరికానికి కొలతగా చాలాకాలం ఉచిత, రాయితీ భోజనం లెక్కనే వాడారు. కుటుంబ ఆదాయం దారిద్ర్యరేఖకు 130 శాతం లోపుంటే ఉచితం, 185 శాతం లోపుంటే రాయితీ. 2010 చట్టంతో, పేద పిల్లలు ఎక్కువున్న స్కూళ్లు ఫారాలేవీ అడక్కుండా అందరికీ ఉచితంగా పెట్టే వీలు వచ్చింది. పిల్లలకు అది మేలే. కొన్ని లెక్కల్లో మాత్రం అలాంటి స్కూలు నూటికి నూరు శాతం పేదల స్కూలుగా కనిపిస్తుంది. నిజానికి సగం మంది మధ్యతరగతి పిల్లలున్నా సరే. మాగ్నెట్ స్కూలు విషయంలో ఇది పెద్ద పొరపాటుకు దారితీస్తుంది.

మన పిల్లలు ‘ఏషియన్’ అన్న గడిలో ఉంటారు. ఆ గడిలో క్యారీలో ఇద్దరు సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ల ఇంట్లో పుట్టిన పిల్ల, వియత్నాం కొండల నుంచి శరణార్థులుగా వచ్చి రాలీ, గ్రీన్స్‌బరోల్లో స్థిరపడిన మోంటగ్నార్డ్ కుటుంబపు పిల్లవాడు, బర్మా నుంచి వచ్చిన కరెన్ జాతి పిల్లవాడు అందరూ ఉంటారు. అందర్నీ ఒకే గాటన కట్టి తీసిన సగటు చూసి ‘ఏషియన్లు బాగా చదువుతారు’ అంటే, సాయం అవసరమైన పిల్లవాడు కంటికి కనిపించకుండా పోతాడు. అదే తప్పును మనం నల్లజాతి, హిస్పానిక్ గడులను చూసి తిరగేసి చేస్తుంటాం. తరతరాలుగా అప్పులు, ఇళ్లు, మంచి బడులు అందకుండా చేసిన పేటల నుంచి వచ్చిన మార్కును పిల్లల తెలివికి కొలతగా చదవడం అన్యాయం. ఇది మన డ్రాయింగు రూముల్లో చాలా తేలిగ్గా జరిగిపోతుంది, నాకు ఎప్పుడు విన్నా బాధగానే ఉంటుంది.

ఇంగ్లీషు నేర్చుకునే పిల్లల గడి ఇంకా విచిత్రం. స్కూల్లో చేర్చేటప్పుడు ఇంట్లో ఏ భాష మాట్లాడతారని ఫారంలో అడుగుతారు. తెలుగు అని రాస్తే పిల్లకు చిన్న ఇంగ్లీషు పరీక్ష పెడతారు, అవసరమైతే అదనపు క్లాసు ఇస్తారు. ఆ భయంతో ఇంగ్లీషు అని రాసేసే తల్లిదండ్రులున్నారు. నిజం రాయడమే మంచిది, అదనపు సాయం వల్ల పిల్లకు పోయేదేమీ లేదు. ఇక లెక్క సంగతికొస్తే, ఇంగ్లీషు బాగా వచ్చిన పిల్లలు ఆ గడిలోంచి బయటకు వెళ్లిపోతారు, ఇంకా రానివాళ్లే మిగులుతారు, కొత్తవాళ్లు వచ్చి చేరతారు. కాబట్టి స్కూలు ఎంత బాగా నేర్పినా ఆ గడి మార్కులు ఎప్పుడూ తక్కువే. బయటకు వెళ్లినవాళ్లను మరో నాలుగేళ్ల వరకు ఆ గడిలోనే లెక్కించే వీలు 2015 చట్టం ఇచ్చింది. దానివల్ల కొంత నయం. పైగా ఇవన్నీ చిన్న గుంపులు. ఒక తరగతిలో అలాంటి పిల్లలు 12 మందే ఉంటే, ఒక్కరు తప్పినా ఎనిమిది శాతం పడిపోతుంది. ఒక ఏడాది అంకె చూసి తీర్పు చెప్పేయకూడదు, కనీసం మూడేళ్లవి పక్కపక్కన పెట్టాలి.

ఇన్ని లెక్కలు విప్పాక కూడా స్కూలు తలుపు దాటి లోపలికి వెళ్లకపోతే అసలు విషయం దొరకదు. స్కూలు మొత్తం మీద పిల్లలు కలిసి ఉన్నా, తరగతి గదుల్లో విడిపోయి ఉండవచ్చు. వేక్ కౌంటీలో మూడో తరగతిలో ఒక పరీక్ష పెట్టి, ప్రతిభావంతులని తేలిన పిల్లలకు ఏఐజీ అనే కార్యక్రమం కింద అదనపు పాఠాలు చెబుతారు. నాలుగో తరగతి లెక్కల పీరియడ్ మధ్యలో టీచరు తలుపు దగ్గరికి వచ్చి పిలుస్తుంది, అయిదారుగురు పుస్తకాలు పట్టుకుని లేస్తారు. మిగతావాళ్లు వాళ్లు వెళ్లడం చూస్తారు. లేచినవాళ్లందరూ ఎక్స్‌ప్రెస్ బస్సులో వచ్చిన పిల్లలే, కూర్చున్నవాళ్లందరూ పక్కవీధి పిల్లలే అయితే, ఆ స్కూలు జనాభా చార్టు ఎంత రంగురంగులుగా ఉన్నా ఒకే కప్పు కింద రెండు బడులు నడుస్తున్నట్టే. కొన్ని మాగ్నెట్లు దీన్ని గట్టిగా ఎదుర్కొంటాయి. పిల్లలందరూ ఎంచుకునే ఐచ్ఛిక పాఠాలు పెట్టి, డాన్స్‌లోనో రోబోటిక్స్‌లోనో అందర్నీ కలిపేస్తాయి.

మాగ్నెట్ వల్ల నిజంగా మార్కులు పెరుగుతాయా అంటే, లాటరీలే మంచి పరిశోధనకు దారి ఇచ్చాయి. గెలిచినవాళ్లూ ఓడినవాళ్లూ ఇద్దరూ దరఖాస్తు పెట్టినవాళ్లే కాబట్టి ఇంటి శ్రద్ధ తేడా చాలావరకు పోతుంది. కనెక్టికట్‌లో షెఫ్ కేసు మీద 1996లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత హార్ట్‌ఫర్డ్ చుట్టూ పట్టణం, శివారు పిల్లలు కలిసి చదివే మాగ్నెట్లు వచ్చాయి. బిఫుల్కో, కాబ్, బెల్ అనే పరిశోధకులు అక్కడి లాటరీలను ఉపయోగించుకుని 2009లో ప్రచురించిన అధ్యయనం మిడిల్, హైస్కూల్ స్థాయిల్లో మేలు కనిపించిందని చెప్పింది. ఎలిమెంటరీ స్కూళ్లకు దాన్ని అలాగే అన్వయించలేం. మిగతాచోట్ల ఫలితాలు ఒకేలా లేవు. కేవలం ప్రత్యేకత పేరు పెట్టినంత మాత్రాన మార్కులు పెరగవు. కాన్సస్ సిటీలో కోర్టు ఆదేశం మీద మాగ్నెట్ల కోసం వందల కోట్ల డాలర్లు పోసినా శివారు పిల్లలు అనుకున్నంతమంది రాలేదు, మార్కులూ ఆశించినట్టు పెరగలేదు. 1995లో సుప్రీంకోర్టు ఆ ఆదేశాలకు కళ్లెం వేసింది.

అందుకని మాగ్నెట్ ఎలిమెంటరీకి దరఖాస్తు పెట్టాలా వద్దా అని తేల్చుకునేవాళ్లు గ్రేడు అక్షరాన్ని పక్కనపెట్టి రాష్ట్ర రిపోర్టు కార్డు తెరవాలి. ముందు గ్రోత్ చూడాలి, మూడేళ్లది. తర్వాత తమ పిల్లలాంటి పిల్లల గడి ఒక్కటే చూసి ఆగిపోకుండా, పేద పిల్లల గడిని జిల్లాలోని మిగతా స్కూళ్లలోని అదే గడితో పోల్చాలి. అది బాగుంటే ఆ స్కూల్లో పాఠం బాగా చెబుతున్నారని దాదాపు నమ్మవచ్చు, ఎందుకంటే ఇంటి దగ్గర ట్యూషన్ పెట్టించుకోలేని పిల్లల మార్కుల్లోనే స్కూలు పని ఎక్కువ కనిపిస్తుంది. ఆ తర్వాత స్కూలు టూర్‌కు వెళ్లినప్పుడు ఇద్దరు ముగ్గురు టీచర్లను పలకరించి ఎన్నేళ్లుగా అక్కడ ఉన్నారో కనుక్కోవాలి. నాలుగో తరగతిలో ఏఐజీ పాఠానికి లేచి వెళ్లేవాళ్లలో బేస్ పిల్లలు ఎంతమంది ఉన్నారో ప్రిన్సిపాల్‌ను సూటిగా అడగాలి. ఆ లెక్క ఆయన దగ్గరో ఆమె దగ్గరో ఉంటుంది.